నీలం, ఎరుపు, ఆ తర్వాత

నేను కట్టిన వాక్యాలు పట్టుకుని ఈ జిల్లాలో నాలుగు వందల మంది పరీక్షలు గట్టెక్కారు. ఈ మాట ఆళ్లగడ్డలో చాలామందికి చెప్పాను. విన్నవాళ్లంతా తలూపారు. కాగితం మీద పెట్టేటప్పటికి మాత్రం చెయ్యి ఆగుతోంది. నాలుగు వందలు కాదు, మా కోడలిని పక్కన పెడితే నలుగురు. అందులో ఇద్దరు నా వాక్యం లేకపోయినా గట్టెక్కేవాళ్లే. మూడో మనిషి మా చెల్లెలు. నాలుగో మనిషిని నేనే, నా సంగతిలో గట్టెక్కడం అన్న మాట కూడా కొంచెం పెద్దదే.

వాక్యం కట్టడమంటే బ్రహ్మవిద్య కాదు. వరసగా గుర్తుండవలసినవి కొన్ని ఉంటాయి. వాటి మొదటి అక్షరాలు తీసుకుని, ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలు పేర్చి, ఏదో ఒక అర్థం వచ్చేలా ఒక వాక్యం చేసుకుంటే చాలు. వాక్యం నోటికి వస్తే వరస దాని వెంట వస్తుంది. నంద్యాల బళ్లో చదివేటప్పుడు గ్రహాలకు నేనే కట్టాను: "బుద్ధిగా శుభ్రంగా భూమ్మీద కుదురుకో, గురువు శపిస్తాడు." బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, గురుడు, శని. అది విని అయ్యవారు నా భుజం తట్టారని చెబుతుంటాను. తట్టింది భుజం కాదు. యురేనస్, నెప్ట్యూన్ నా వాక్యంలో ఇమడకపోతే వదిలేశాను, పరీక్షలో శని తర్వాత ఏమిటనే అడిగారు.

మా కోడలి సంగతి చెప్పడానికి కూర్చుని గ్రహాల్లోకి పోయాను.

మా కోడలు పెళ్లికి ముందు నంద్యాలలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. రక్తం తీసి పరీక్ష చేసే పని. పెళ్లయ్యాక ఆళ్లగడ్డ వచ్చి పదహారేళ్లు మా కిరాణా అంగడిలో గల్లాపెట్టె ముందు కూర్చుంది. మావాడు సరుకు ఆటోలో వేసుకుని పల్లెల అంగళ్లకు తిరుగుతాడు. నేను మోకాళ్ల నొప్పులని చెప్పి అంగడి మానేశాను. నొప్పి ఒక మోకాలికే. అదీ వానాకాలంలోనే.

పోయిన ఏడు, పిల్లలు హాస్టల్‌కి పోయాక, ఆమె మొదటిసారి నోరు తెరిచి అడిగింది. నంద్యాలలో ఒక పెద్ద ల్యాబ్‌లో మనుషులు కావాలంటున్నారు, పోతానని. మావాడు, "నాకేం లేదు, అమ్మనడుగు" అని తప్పించుకున్నాడు. మా ఇంటామె ససేమిరా అంది. అంగట్లో ఎవరు కూర్చోవాలని ఆమె బాధ. నేను మధ్యలో దూరి, పిల్ల తెలివైనది, నేను తయారు చేస్తానని మాటిచ్చాను.

ఆ ల్యాబ్‌లో ముందు నోటితో అడుగుతారు. నోటితో తప్పినవాళ్ల చేతికి సూది ఇవ్వరు. అడిగేదాంట్లో ముఖ్యమైంది గొట్టాల వరస. ఒకే సూదితో ఆరు చిన్న గొట్టాల్లోకి రక్తం పట్టాలట. ఆరింటికి ఆరు రంగుల మూతలు, లోపల రకరకాల మందులు. ఒకదాంట్లో మందు సూది మొనకు అంటుకుని తర్వాతి దాంట్లోకి రవ్వంత పోయినా, రోగికి లేని జబ్బు ఉన్నట్టు కాగితం వస్తుందట. అందుకని వరస తప్పకూడదు: నీలం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఊదా, బూడిద. కోర్సులో చదివినప్పుడు ఆమెకు వేళ్ల మీద ఉండేదట. పదహారేళ్ల కందిపప్పూ చక్కెరా కింద అది ఎక్కడో పూడిపోయింది.

నేను కళ్లజోడు పెట్టుకుని కూర్చుని, అర్ధగంటలో వాక్యం కట్టి చేతిలో పెట్టాను. అర్ధగంట అని అందరికీ చెప్పాను గానీ మూడు రోజులు పట్టింది. అది ఇది:

"నీలాంటి ఎందరినో —— ఆదుకొని ఊళ్లో బూరెలు పంచె."

గీత ఉన్నచోట నా పేరు. అది 'ప'తో మొదలవుతుంది, ఇంతకు మించి చెప్పను. ఈ సంగతి రాసుకోండి మామా, పేరు మాత్రం వద్దని మా కోడలు అంది. 'ప'తో పాలు లేవా, పప్పు లేదా, పిల్లి లేదా? ఉన్నాయి. కానీ ఆ వాక్యం నంద్యాలలో ల్యాబ్ నుంచి ల్యాబ్‌కి పాకి, తెల్లకోటు వేసుకున్న పిల్లలంతా పొద్దున లేస్తే నా పేరు తలుచుకుంటారని నా ఆశ. నేను ఎవరినీ ఆదుకున్నది లేదు. బూరెలు పంచింది అసలే లేదు. అంగడికొచ్చిన పిల్లకు బెల్లం ముక్క పెట్టడానికి కూడా వెనకాడిన మనిషిని.

క్యాలెండరు వెనక పెద్ద అక్షరాలతో రాసి వంటింటి గోడకు అంటించాను. ఆమె పెదవులు కదిలిస్తూ గిన్నెలు తోముకునేది. నేను బయట వసారాలో కూర్చుని, నా పేరు మా ఇంట్లో జపం అవుతోందని మురిసిపోయాను.

మొదటిసారి పోయినప్పుడు తప్పింది.

సాయంత్రం వచ్చి చెప్పులు విడిచి, "రెండు చెప్పినా. మూడోది రాలే" అని మాత్రం అని లోపలికి పోయింది. ఎందుకు రాలేదో నేను అడగలేదు. అడగకపోగా, వీధిలో ప్రతివాడికీ ఒకటే చెప్పాను: నా వాక్యం ఇనుపగొలుసు, అది తెగేది కాదు, పిల్లకే గుండె చాలదు. ఆమె అంగట్లో కూర్చుని ఉండగానే, గుమ్మంలో నిలబడి చెప్పాను. ఆమె తలెత్తకుండా శనగలు తూచింది.

ల్యాబ్‌వాళ్లు మూడు నెలల తర్వాత ఇంకొకసారి రమ్మన్నారు. అంతటితో సరి, మూడోసారి లేదన్నారు. మా ఇంటామె అప్పుడే తీర్మానం చేసేసింది.

"ఈతూరి తప్పితే ఇంగ ఆ మాటెత్తగూడదు. అంగడి చూసుకోవల్ల. సరేనా?"

"సరే అత్తా" అంది మా కోడలు.

ఆ రోజు మావాడు సరుకుతో ఎటో పోయాడు. తోడుగా నేను బయలుదేరాను. ఆడపిల్ల ఒంటరిగా ఎందుకని అన్నాను గానీ, పదహారేళ్లుగా ఆమె ఒంటరిగానే నంద్యాల పోయి సరుకు వేయించుకుని వస్తోంది. అసలు కారణం, వాక్యం గెలిచినప్పుడు అది ఎవరు కట్టారో అక్కడ పరీక్ష పెట్టే మేడమ్ చెవిన వేయాలని.

పదిన్నరకు పరీక్ష. తొమ్మిదికి ముందే ఆళ్లగడ్డలో బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితమయ్యాక సీటు దొరకడమే గొప్ప. ఆమెకు కిటికీ పక్కన, ఒక గంపామె పక్కన దొరికింది. నాకు వెనక సీటు. సిరివెళ్ల దాటేదాకా నేను పక్కాయనకు నా నాలుగు వందల మంది సంగతి చెబుతూ ఉన్నాను. ఆయన నిద్రపోయాడు. అప్పుడు ముందు సీటు నుంచి సన్నగా గొణుగుడు వినిపించింది. నా పేరు ఆ నోట వింటే ఎలా ఉంటుందోనని ముందుకు వంగి చెవి పెట్టాను.

"నీలాంటి ఎందరినో మామ ఆదుకొని ఊళ్లో బూరెలు పంచె. నీలాంటి ఎందరినో మామ ఆదుకొని..."

"ఏమ్మా, మళ్లీ చెప్పు" అన్నాను.

ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. "ఏంది మామా?"

"ఆ వాక్యం. పైకి చెప్పు."

చెప్పింది. మామ అనే చెప్పింది.

"మామ యాడిదమ్మా అందులో?"

"మీరే కదా మామా."

"నేనే. కానీ నేను రాసిచ్చింది పేరు కదా."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "పేరెట్ల అంటా మామా? ఎప్పుడన్నా అన్నానా?"

అనలేదు. మా ఇళ్లలో అనరు. మొగుడి పేరూ అనరు, మామ పేరూ అనరు. ఎవరో వచ్చి అడిగితే 'మా మామ లేడు' అంటారు, చీటీ మీద రాయాలంటే పక్కవాళ్ల చేత రాయిస్తారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. చూస్తూ చూస్తూ, ఆ ఒక్క మాట ఆమె నోటికి రాదన్న సంగతి, అది నా పేరే కావడం వల్ల, నాకు తట్టలేదు.

"మొన్న కూడా ఇట్లనే అన్నావా?"

"అట్లనే మామా. నీలం చెప్పినా, ఎరుపు చెప్పినా. మామ అని, 'మ'తో రంగు ఏముందబ్బా అని ఎతుకుతా నిల్చిపోయినా. పసుపని తెలుసు. ఇంట్లో ఎప్పుడు అడిగినా తెలుసు. ఆడ ఆ మేడమ్ ముందర కూచుంటే వాక్యం తప్ప ఇంకేం మిగల్లేదు. ఆమె గడియారం చూసె."

మూడు నెలలు వీధంతా తిరిగి ఈ పిల్లకు గుండె లేదని చెప్పింది నేను. బస్సు గంటకు ఎంత వేగంతో పోతోందో తెలియదు గానీ నాకు మాత్రం అది నంద్యాలను మా మీదికి విసిరినట్టు అనిపించింది.

"పేరు వద్దులే. పెద్దాయన అను" అన్నాను. "అదీ 'ప'గుణింతమే. నీలాంటి ఎందరినో పెద్దాయన ఆదుకొని."

అంది. రెండోసారీ అంది. నాలుగోసారీ బాగానే అంది. అయిదోసారి వేగంగా చెప్పమంటే మళ్లీ మామ వచ్చి కూర్చున్నాడు. నెలల తరబడి గిన్నెల దగ్గర అరిగిన దారి అది. గంటలో వేరే దారి పడుతుందా?

"పోనీ, వాక్యం ఇడిచిపెట్టు. రంగులే చెప్పు."

"నీలం, ఎరుపు, ఆకు... మామా, తికమకపెట్టొద్దండి."

గంపామె ఇక ఉండబట్టలేక నా వైపు తిరిగింది. "ఏందన్నా, ఆ పాపను అట్ల గోలజేస్తాండావ్? ఎవరి బూరెలు, ఏం కత?"

"పరీక్షమ్మా" అన్నాను.

"బూరెలకు పరీచ్చా?"

కోడలు నవ్వాపుకోలేక, ఏడుపాపుకోలేక, రెండూ కలిపి సంగతి చెప్పింది. గంపామె గంప ఒళ్లోకి లాక్కుంది.

"నేను మా ఇంటాయన పేరు రేషను కార్డు కాడనే చెప్పలే పాపా. 'మీ ఆయన పేరేందమ్మా' అని ఆ సారు అరుస్తాడు, నేను పక్కనామెను గిల్లుతా. ఆమె చెప్పింది. తప్పు చెప్పింది. ఇప్పటికీ కార్డులో మా మరిది పేరే ఉండాది." తర్వాత నా వైపు చూసి, "నువ్వెందుకు పెట్టినావన్నా నీ పేరు? ఇంగ యా పేరూ దొరకలేదా?"

చుట్టూ నాలుగు సీట్లవాళ్లు నా జవాబు కోసం చూశారు. నేను దగ్గాను.

"అమ్మా" అన్నాను కోడలితో, ఈసారి మెల్లగా. "నేనే చెప్తాండా కదా. ఒక్కసారి అను. ఏం కాదు. నాకేం కోపం రాదు."

ఆమె నా వైపు చూసింది. గట్టిగా గాలి పీల్చుకుంది. పెదవులు రెండూ కలిశాయి. కలిసినవి విడిపోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రాదన్నట్టు తల ఊపింది.

నంద్యాల పొలిమేరలో బేతంచెర్ల నుంచి బండలు వేసుకొచ్చిన లారీ ఒకటి మలుపులో అడ్డంగా నిలిచిపోయింది. వెనక బస్సులు, ట్రాక్టర్లు, హారన్లు. పది దాటింది. పదీ పది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. "దిగుదాం మామా" అని ఆమే అంది. దిగి, లారీ పక్కనుంచి నడిచి, అవతల ఆటో పట్టాం. ఆటోలో ఆమె వాక్యం అనలేదు. నేను అనమనలేదు. వేళ్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి ముడుస్తూ, మూడో వేలు దగ్గర ఆగి, మళ్లీ మొదటికి వచ్చింది.

ల్యాబ్ ముందు అద్దాల తలుపు. ఆమె లోపలికి పోయింది. వాచ్‌మన్ నన్ను బయటే ఆపాడు. అద్దంలోంచి కనిపిస్తోంది: బల్లకు ఇవతల మా కోడలి వీపు, అవతల తెల్లకోటులో ఒక మేడమ్. మేడమ్ ఏదో అడిగింది. మా కోడలి చెయ్యి బల్ల మీద ఉంది. ఒక వేలు లేచింది. రెండో వేలు లేచింది.

మూడోది లేవలేదు.

తలుపు పక్కన పసుపుపచ్చని చెత్తడబ్బా ఒకటి ఉంది. ఇక చెబుతున్నాను, ఇది ఎవరికీ చెప్పలేదు. వీధిలో వాళ్లకు నేను అద్దం తోసుకుని లోపలికి పోయి మేడమ్‌తో వాదించానని చెప్పాను. నేను చేసింది ఆ డబ్బాను రెండు చేతులా ఎత్తి అద్దానికి ఆనించి పట్టుకోవడం. పసుపు చూస్తే పసుపు గుర్తొస్తుందని. నా కోడలు నా వైపు తిరగలేదు. మేడమ్ తిరిగింది.

"ఓ పెద్దాయనా! దించు! అది రోగాల చెత్త!" వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి డబ్బా గుంజుకున్నాడు. "యాడి మనిషివయ్యా నువ్వు? చేతులు కడుక్కోపో!"

భుజం పట్టుకుని మెట్లు దింపాడు. కొళాయి దగ్గర సబ్బు పెట్టి మూడుసార్లు కడిగించాడు. కడుక్కుని వచ్చేసరికి తలుపుకు తెర లాగేశారు. ఎవరు లాగారో, ఎందుకు లాగారో ఊహించుకోవచ్చు.

రోడ్డుకు అవతల టీ బంకు ముందు నిలబడ్డాను. టీ తాగలేకపోయాను. ఆ డబ్బా చూసి మోసమనుకుని పంపించేస్తే? మొదటిసారి నా పేరు వల్ల తప్పింది, రెండోసారి నా చేతుల వల్ల తప్పుతుంది. సాయంత్రం ఇంటికి పోతాం. మా ఇంటామె ఒక్క మాటా అనదు. రేపు పొద్దున ఆ పిల్ల అంగడి తలుపు తీసి గల్లాపెట్టె ముందు కూర్చుంటుంది. నేను పోయేదాకా కూర్చుంటుంది. నేను పోయాక కూడా కూర్చుంటుంది. తొందరగా బయటికొస్తే తప్పినట్టు, ఆలస్యమైతే సూది చేతికిచ్చినట్టు అని లెక్క వేసుకున్నాను. ప్రతి నిమిషం తలుపు వైపు చూసి, తెరుచుకోకూడదని కోరుకున్నాను. నా జన్మలో ఏ తలుపూ తెరుచుకోవద్దని అంతగా కోరుకోలేదు.

ముప్పావుగంటకు వచ్చింది. ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. దగ్గరికొచ్చి నా పక్కన నిలబడి, రోడ్డు చూస్తూ చెప్పింది.

"సోమవారం రమ్మనిరి మామా."

"రమ్మనిరా? ఇంకో పరీక్షకా?"

"పనికి."

నేను టీ బంకు బల్ల మీద కూలబడ్డాను. "డబ్బా చూసినావా?"

"యా డబ్బా?"

"ఏం లేదులే. మూడోది ఎట్ల చెప్పినావు?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"కండ్లు మూసుకుని మీ పేరు అనేసినా."

"పైకా?"

"పైకే. ఊరికే, గారు కూడా లేకుండా. ఆ మేడమ్ 'ఎవరమ్మా ఆయన' అనె."

"ఏమన్నావు?" నేను లేచి నిలబడ్డాను. ఇంత దూరం వచ్చింది ఆ ప్రశ్న కోసమే గదా.

"మా వీధిలో అంగడాయన అన్నా. తెలిసినాయనే, మాకేం చుట్టం కాదు అన్నా." ఒక్కసారి నా ముఖం చూసి మళ్లీ రోడ్డు వైపు తిరిగింది. "మామ అని చెప్పింటే ఇంగ తక్కిన వాక్యం నోట్లోంచి వచ్చేది కాదు. ఏమనుకోవద్దండి. అత్తకు చెప్పొద్దండి."

తిరుగు బస్సులో నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. పక్కన కూర్చున్న కుర్రాడు ఎక్కడికని అడిగినా చెప్పలేదు.

ఇంటికి చేరేసరికి మా ఇంటామె వసారాలో చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, "ఏమాయె?" అంది.

"వచ్చింది అత్తా" అని కోడలు లోపలికి పోయింది.

ఆమె చేతులు ఆగాయి. నేను అరుగు మీద కూర్చున్నాను. గొప్పలు చెప్పుకోవడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నోటిదాకా వచ్చింది కూడా.

"మొన్న తప్పింది దాని వల్ల గాదు" అన్నాను. "నా వల్ల. అందులో నా పేరు పెట్టినా. అది పేరెట్ల అంటాది?"

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"గోడకు అంటించిన పొద్దే తెలుసు. ఇన్నేండ్ల కాపరంలో మీ పేరు నా నోట్లో ఎప్పుడన్నా ఇన్యారా? దాని నోట్లో మాత్రం ఎట్ల వస్తాది?"

"మరి ఎందుకు చెప్పలేదే?"

ఆమె బియ్యంలోంచి ఒక మట్టిగడ్డ ఏరి అవతల పారేసింది. "పోవద్దనే కదా నేననింది."

నేను నా పేరు మీద ప్రేమతో చేసింది, ఆమె తెలిసి ఊరుకుని చేసింది, రెండూ కలిసి ఆ పిల్లకు మూడు నెలలు తీసేశాయి. లోపల కొళాయి తిప్పిన చప్పుడు, గిన్నెల చప్పుడు వినిపించాయి. మా ఇంటామె చేట పక్కన పెట్టి లేచింది. గుమ్మం దగ్గర ఆగి లోపలికి కేకేసింది.

"సోమారం బస్సు ఎన్నింటికే? క్యారియరు కట్టల్ల గదా."

తర్వాత నా వైపు తిరిగింది. "అంగట్లో ఎవరు కూచుంటారో మరి."

నా మోకాలి మాట ఎత్తబోయాను. ఆమె చూసిన చూపుకు ఎత్తలేదు.

సోమవారం పొద్దున అంగడి తలుపు నేనే తీశాను. ఎదురింటాయన చక్కెరకు వచ్చి, గల్లాపెట్టె ముందు నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"కోడలు యాడన్నా?"

"నంద్యాలలో డాక్టరయింది" అన్నాను.

"డాక్టరా!"

చక్కెర తూచి, కాగితం మడిచి, దారం చుట్టేదాకా ఆయన నన్నే చూస్తూ నిలబడ్డాడు.

"డాక్టరు గాదులే" అన్నాను. "రక్తం తీస్తాది."